మెరవకూడని నలుపు

పాత కారును కొత్తదానిలా మెరిపించడం ఒక పని. అది ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో అలా నిలబెట్టడం వేరే పని. ఈ రెండోదానిలో అసలు పరీక్ష కారు కిందే జరుగుతుంది.

రంగు, క్రోమ్ బంపరు, సీట్ల తోలు, స్టీరింగు చక్రం... పాత కారు ముందు నిలబడితే ఎవరి కళ్ళయినా వాటి మీదికే పోతాయి. అమెరికాలో జరిగే కార్వెట్ కార్ల పోటీల్లో మాత్రం ఒక జట్టు జడ్జీలు వాటి జోలికి పోరు. టార్చిలైట్లు పట్టుకుని కారు కిందకి దూరతారు. చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్‌లు, కమాన్ పట్టీలు, షాక్ అబ్జార్బర్లు, వాటిని బిగించిన నట్లు, బోల్టులు అన్నిటినీ పట్టి పట్టి చూసి మార్కులు వేస్తారు. అక్కడ ఏ ఆర్మో అద్దంలా నిగనిగలాడుతుంటే మార్కులు పోతాయి. 1960లలో సెయింట్ లూయిస్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజున అది అంతగా మెరవలేదు మరి.

కొత్తగా విన్నవాళ్ళకు ఈ పట్టింపు వింతగా ఉంటుంది. ఏళ్ళ తరబడి కష్టపడి, బోలెడు డబ్బు పోసి బాగుచేసుకున్న కారుకు అందంగా ఉన్నందుకు మార్కులు కోస్తారా అని అడుగుతారు. పాత కార్ల లోకంలో అన్నిటికన్నా నిజాయతీ గల పట్టింపు ఇదేనని నా నమ్మకం. బాడీ మీది రంగు కొనేవాడి కన్ను పడాలని వేసింది. కింద సస్పెన్షన్ మీది పూత ఎవరూ చూడరని తెలిసే వేసింది. తుప్పును కొన్నాళ్ళు ఆపాలి, ఖర్చు తక్కువలో తేలాలి, లైను ఆగకూడదు. ఇంతే వాళ్ళ లెక్క. అందుకే ఆ రోజుల్లో ఆ ఫ్యాక్టరీలో పని నిజంగా ఎలా జరిగిందో తెలుసుకోవాలనుకునేవాడికి పైరంగు కన్నా కింది పూతే ఎక్కువ చెబుతుంది.

ఒళ్ళు ఫైబర్, కాళ్ళు ఉక్కు

కార్వెట్‌ను ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. 1953లో మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్‌లో 300 కార్లతో మొదలైన ఈ బండి తయారీ వెంటనే మిస్సోరిలోని సెయింట్ లూయిస్‌కు మారి, 1981 దాకా అక్కడే సాగింది. మొదటి కారు నుంచీ దాని బాడీ ఫైబర్‌గ్లాసే. ఫైబర్‌గ్లాస్‌కు తుప్పు పట్టదు. బాడీ లోపల దాగిన ఉక్కు చట్రాన్ని పక్కన పెడితే, తుప్పు తన పని చేసేదంతా కింద ఉన్న ఫ్రేము మీద, సస్పెన్షన్ మీదే.

1963లో వచ్చిన స్టింగ్ రే ఈ కథకు అసలైన బండి. జోరా ఆర్కస్ డంటోవ్ అనే ఇంజినీరు పట్టుబట్టి సాధించిన మార్పుల్లో ముఖ్యమైనది, వెనక చక్రాలు రెండూ వేటికవి విడిగా కదిలే ఏర్పాటు. మన లారీల్లో కమాన్ కట్టలు బండి పొడవునా ఉంటాయి. స్టింగ్ రేలో తొమ్మిది పట్టీల కట్ట ఒక్కటే, అదీ అడ్డంగా, డిఫరెన్షియల్ కింద బిగించి ఉంటుంది. దాని రెండు కొసలూ రెండు చక్రాలను మోస్తాయి. ఒక్కో చక్రం దగ్గర ముందు నుంచి వచ్చే ట్రెయిలింగ్ ఆర్మ్, కింద స్ట్రట్ రాడ్, పైన హాఫ్ షాఫ్ట్. ముందు చక్రాల దగ్గర అప్పర్, లోయర్ ఆర్మ్‌లు, వాటి నడుమ కాయిల్ స్ప్రింగు. ఆ ఒక్క ఏడాదే 21,513 కార్లు తయారయ్యాయి. 1967తో ఆ తరం ముగిసింది.

ఛాసిస్ లైను మీద ఫ్రేమును ముందు తలకిందులుగా పెట్టేవారు. కార్మికులు కిందకి వంగకుండా సస్పెన్షన్ భాగాలను పైనుంచి బిగించుకోవడానికి వీలుగా ఉంటుందని. అన్నీ బిగించాక ఫ్రేమును తిప్పి నిలబెట్టేవారు. ఇప్పుడు గ్యారేజీలో ఒంటరిగా, జాకీల మీద ఎత్తిన కారు కింద మెడ నొప్పితో పనిచేసే రిస్టోరరు ఈ సంగతి తెలుసుకున్నాక కొన్ని గుర్తులు ఆ వైపే ఎందుకున్నాయో అర్థం చేసుకుంటాడు. పెయింటు పెట్టిన చెయ్యి పైనుంచి వచ్చింది, కిందనుంచి కాదు.

ఆ కార్ల బాగుచేతకు కొలబద్దలు పెట్టినది 1974లో ఏర్పడిన నేషనల్ కార్వెట్ రిస్టోరర్స్ సొసైటీ. కారు నడిచే తీరు, లోపల, బయట, మెకానికల్, ఛాసిస్ అని అయిదు భాగాలుగా చూస్తారు. మొత్తం మీద 94 శాతం, ఆపైన వస్తే టాప్ ఫ్లైట్ అనే గౌరవం. ఒక్కో భాగానికి రెండు రకాల మార్కులుంటాయి. అది అసలుదేనా, లేక అసలుదానిలాగే ఉందా అన్నదానికి కొన్ని. దాని ప్రస్తుత స్థితికి కొన్ని. తుప్పు పట్టిన అసలు ఆర్మ్‌కు రెండో లెక్కలో దెబ్బ. నిగనిగలాడే కొత్త ఆర్మ్‌కు మొదటి లెక్కలో దెబ్బ. ఈ రెండు దెబ్బల నడుమ ఉన్న ఇరుకు దారిలోనే రిస్టోరరు నడవాలి. వాళ్ళ కొలమానం ఒక్కటే. ఫ్యాక్టరీ మామూలుగా ఎలా తయారుచేసిందో అలా ఉండాలి. అంతకన్నా బాగా కాదు, అధ్వానంగానూ కాదు.

అతుకుల బొంత

సస్పెన్షన్ అంతా ఒకే నలుపులో ఉంటుందని చాలామంది అనుకుంటారు. పాత కార్ల బాగుచేతలో తరచు కనిపించే తప్పు ఇది. ఈ భాగాలేవీ ఒక చోట పుట్టలేదు. ఆర్మ్‌లు ప్రెస్సులో వంచిన రేకులు. నకిల్స్, స్టీరింగు ఆర్మ్‌లు ఎర్రగా కాల్చి అచ్చులో కొట్టినవి. కొన్ని హౌసింగులు పోత ఇనుము. షాక్ అబ్జార్బర్లు డెల్కోవి, స్టీరింగు గేరు సాగినావ్‌ది. ఎవరి షాపులో వాళ్ళకు అలవాటైన పూత వేసి, లేదా ఏ పూతా లేకుండానే, సెయింట్ లూయిస్‌కు పంపారు. అసెంబ్లీ లైను మీద వాటిని బిగించారు గానీ అన్నిటికీ కలిపి ఒక రంగు కొట్టలేదు. కాబట్టి సరిగ్గా బాగుచేసిన ఛాసిస్ కింద నిలబడి చూస్తే బూడిద రంగు, నీలి ఛాయ, మసక నలుపు, వెండి తెలుపు, డెల్కో షాకుల లేత బూడిద పెయింటు అన్నీ పక్కపక్కన కనిపిస్తాయి. అది అతుకుల బొంతలానే ఉండాలి. ఏకరంగులో కనిపిస్తే ఎవరో అన్నిటినీ విప్పి ఒకే డబ్బాలో ముంచారన్నమాట.

వీటిలో నన్ను బాగా ఆకట్టుకునేది ఏ పూతా లేని ఉక్కు. కమ్మరి కొలిమి దగ్గర నిలబడ్డవాళ్ళు చూసే ఉంటారు. ఎర్రగా కాలిన ఉక్కు చల్లారుతుంటే పైన నీలి బూడిద పొర ఒకటి కడుతుంది. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఏర్పడే పొర అది. అచ్చులో కొట్టిన స్టీరింగు ఆర్మ్ మీద ఇదే పొర ఉంటుంది. దాని అంచు పొడవునా అచ్చు రెండు ముక్కలు కలిసిన చోట గీత ఉంటుంది, ఆ గీతను గ్రైండర్‌తో అరగదీసిన గరుకు ఉంటుంది. లేతు మీద కోసిన చోట ఉక్కు వెండిలా తెల్లగా బయటపడుతుంది. ఒకే ముక్క మీద మూడు రకాల ఉపరితలాలు. ఆ ముక్క కొలిమి నుంచి గ్రైండరుకు, అక్కడి నుంచి లేతుకు నడిచిన దారంతా అక్కడే చదువుకోవచ్చు. దాని మీద నల్ల పెయింటు ఒక్క పూత కొడితే ఆ దారంతా చెరిగిపోతుంది.

రేకు ఆర్మ్‌ల సంగతి వేరు. వాటికి పెయింటు తప్పనిసరి. స్ప్రే గన్‌తో నింపాదిగా కొట్టే తీరిక ఎవరికీ లేదు. అలాంటి రేకు భాగాలను కొక్కేనికి తగిలించి పెయింటు తొట్టిలో ముంచి తీయడం అప్పట్లో మామూలు పద్ధతి. ముంచిన పెయింటు కిందకి జారి, వేలాడే కొసన బొట్టుగా గట్టిపడుతుంది. అంచుల దగ్గర పలచబడుతుంది. కొక్కెం తగిలిన చోట అంటనే అంటదు. మెరుపును 60 డిగ్రీల కోణంలో వెలుతురు వేసి కొలిచే పరికరం ఒకటుంది. నిగనిగలాడే బాడీ రంగు ఆ కొలతలో 90 దాకా పోతుంది. ఛాసిస్ నలుపు దాదాపు సగం దగ్గర ఆగుతుంది. ఆ సగం మెరుపునే సెమీగ్లాస్ అంటారు. పూర్తిగా మాసినట్టు ఉండదు, మొహం కనిపించేటట్టూ ఉండదు. ఈ పనిలో చేయి తిరిగినవాళ్ళు ఆ కొస బొట్టును కూడా తెలిసే వదులుతారు. పెయింటింగ్ షాపులో అదే బొట్టును లోపమంటారు. ఇక్కడ అది లేకపోతేనే లోపం.

బోల్టుల్లో మరో రెండు రకాలు. ముదురు బూడిద రంగులో, నూనె పీల్చుకున్నట్టు కనిపించేవి ఫాస్ఫేటు పూతవి. ఉక్కును ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన వేడి ద్రావణంలో ఉంచితే పైన సన్నని స్ఫటికాల పొర కడుతుంది. ఆ పొర నూనెను పట్టి ఉంచుతుంది. ఇంగ్లండులో కోస్లెట్ అనే ఆయన 1906లో పేటెంటు తీసుకున్న ఈ పద్ధతిని 1915లో డెట్రాయిట్‌లో పెట్టిన పార్కర్ కంపెనీ పెద్ద ఎత్తున కార్ల పరిశ్రమలోకి తెచ్చింది. కార్ల ఊళ్ళోనే పుట్టిన కంపెనీ కాబట్టి కార్ల కింద దాని ముద్ర ఉండడంలో ఆశ్చర్యం లేదు. ఇంకో రకం కాడ్మియం పూత. కొంచెం వెచ్చని తెలుపు, మెరుపు తక్కువ. దాని గురించి తర్వాత చెప్పుకుందాం.

సుద్దముక్క రాసిన చరిత్ర

పూతల కన్నా త్వరగా చెరిగిపోయేవి గుర్తులు. కాయిల్ స్ప్రింగుల్లో బరువు మోసే శక్తి ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. ఇంజిను బరువును బట్టి, ఏసీ ఉందా లేదా అన్నదాన్ని బట్టి స్ప్రింగు మారుతుంది. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. లైను మీద మనిషి క్షణాల్లో సరైనది ఎంచుకోవాలి కాబట్టి తయారీదారు స్ప్రింగు మీద రంగు చారలు గీసి పంపేవాడు. బిగింపు సరిచూసిన నట్టు మీద పెయింటు చుక్క పడేది. పరీక్షించినవాడు సుద్దముక్కతోనో గ్రీజు పెన్సిలుతోనో ఒక గీత, ఒక అంకె, ఒక్కోసారి తనకు మాత్రమే తెలిసిన ఒక వంకర గుర్తు పెట్టేవాడు. ఇవన్నీ ఆ రోజు పని ముగిసేదాకా ఉంటే చాలని పెట్టిన గుర్తులు. కొన్ని అరవై ఏళ్ళు నిలిచాయి. మురికి కింద, గ్రీజు కింద.

ఈ గుర్తుల విలువ ఏమిటో 2014 ఫిబ్రవరి 12 తర్వాత లోకమంతా చూసింది. ఆ తెల్లవారుజామున కెంటకీలోని బౌలింగ్ గ్రీన్‌లో నేషనల్ కార్వెట్ మ్యూజియం నేల కుంగిపోయి ఎనిమిది కార్లు గోతిలో పడ్డాయి. వాటిలో 1992 జులై 2న తయారైన పది లక్షల నంబరు కార్వెట్ ఒకటి. తెల్లటి కన్వర్టిబుల్. జనరల్ మోటార్స్ దాన్ని బాగుచేయడానికి విప్పితే లోపలి భాగాల మీద ఎక్కడ చూసినా కార్మికుల సంతకాలే. ఆ మైలురాయి బండిని తయారుచేసిన రోజున వాళ్ళు పెట్టుకున్నవి. బాగుచేసే బృందం సంతకం ఉన్న ముక్కలను వీలైనంత వరకు పారేయకుండా సరిచేసి వాడింది. కొత్త ముక్క వేయడం ఎన్నోచోట్ల తేలికయ్యేది. 2015లో కారు మళ్ళీ మ్యూజియంలోకి వచ్చింది.

సంతకం పెట్టినవాడి పేరు కనిపిస్తే మనం ఆగి చూస్తాం. 1966లో ఒక నట్టు మీద పసుపు చుక్క పెట్టినవాడి పేరు ఎక్కడా లేదు. అతను వదిలి వెళ్ళింది ఆ చుక్కే. దాన్ని కడిగి పారేసే ముందు ఆగాల్సింది అక్కడే.

షేడ్ కార్డు దొరికేది వాషర్ కింద

మరి ఆ రోజు నలుపు ఎలా ఉందో ఇప్పుడెలా తెలుస్తుంది? దానికి జవాబు ఒక వీడియో కాల్‌లో దొరికింది. డెట్రాయిట్ పొరుగునున్న నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్‌లలో కార్ల కంపెనీలనే నమ్ముకుని స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి. అక్కడ వుడ్‌వర్డ్ అవెన్యూ మీద 1995 నుంచి ఏటా ఆగస్టు మూడో శనివారం పాత కార్ల పండగ జరుగుతుంది. ఆ రోడ్డు పక్కన మడత కుర్చీ వేసుకుని చూస్తూ చూస్తూ ఒక తమ్ముడు ఓ పాత స్టింగ్ రే కొనేశాడు. ఫోనులో వీడియో కాల్ పెట్టి విప్పిన లోయర్ ఆర్మ్ చూపించాడు.

"ఏంది తమ్ముడూ, ఇంకా కడగలేదా? అంతా జిడ్డే ఉంది."

"కడిగితే పోద్దన్నా. ఇటు చూడు." బుష్ వాషర్ తీసి పక్కన పెట్టాడు. అది కూర్చున్న చోట గుండ్రంగా ఒక నల్లటి ముద్ర. చుట్టూ తుప్పు, మధ్యలో చెక్కుచెదరని పెయింటు. "ఎండ, ఉప్పు, నీళ్ళు ఏవీ తగల్లేదు దీనికి. నా షేడ్ కార్డు ఇదే."

ఈ పనిలో అనుభవం ఉన్నవాళ్ళు చెప్పే మొదటి పాఠం అదే. బయట కనిపించే పాత పెయింటును నమ్మకూడదు. కాలం దాని మెరుపును చంపేసి ఉంటుంది. క్లాంపు కింద, రబ్బరు బుష్ వెనక, రెండు రేకులు ఒరుసుకున్న చోట చూడాలి. గట్టిపడిన గ్రీజును ప్లాస్టిక్ బద్దతో పొరలు పొరలుగా తీయాలి. గుర్తు కనిపించగానే ఫోటో తీసి, కొలత రాసుకోవాలి. తర్వాతే కడగడం. రేకు ఆర్మ్‌లకు బాల్ జాయింట్లు ఫ్యాక్టరీలో రివెట్లతో బిగించారు. తర్వాత మార్చిన జాయింట్లకు బోల్టులుంటాయి. రివెట్ తలలు కనిపిస్తే ఆ జాయింట్లు మార్చలేదని తెలుస్తుంది, దాని మీద ఉన్న ప్రతి మరకకూ విలువ పెరుగుతుంది.

తుప్పు తీయడంలోనే ఎక్కువ నష్టం జరుగుతుంది. శాండ్ బ్లాస్టింగ్ చేయిస్తే గంటలో ముక్క తెల్లగా వచ్చేస్తుంది. కొలిమిలో కట్టిన నీలి పొర కూడా దానితోపాటే పోతుంది. ఆ పొరను తిరిగి తేవడం ఎవరి తరమూ కాదు, పెయింటుతో నటింపజేయాలంతే. అందుకే చాలామంది నెమ్మదైన దారులు ఎంచుకుంటారు. తుప్పును మాత్రమే కరిగించే ద్రావణాలున్నాయి. వాటిలో అగ్గువది, పాతది మొలాసిస్. చక్కెర మిల్లులో మిగిలే ఆ మడ్డిని తొమ్మిది పాళ్ళ నీళ్ళలో కలిపి తొట్టిలో ముక్కను వారాల తరబడి నానబెడతారు. కంపు కొడుతుంది, ఓపిక కావాలి. తుప్పు మాత్రం వదులుతుంది, కింద ఉక్కు మిగులుతుంది. గట్టి ఆమ్లాల్లో ముంచడం ఎక్కువమంది ఒప్పుకోరు. స్ప్రింగులకైతే అసలే వద్దు. ఆమ్లంలో పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి దూరి దాన్ని పెళుసుగా మారుస్తుంది. పైకి ఏమీ కనిపించదు, ఓ రోజు బరువు మీద పుటుక్కున విరుగుతుంది.

బోడి ఉక్కును బతికించడం

ఇక్కడే పెద్ద చిక్కు వస్తుంది. ఫ్యాక్టరీ బోడిగా వదిలిన ఉక్కును మనమూ బోడిగా వదిలితే తేమ ఉన్న గ్యారేజీలో నాలుగు రోజుల్లో ఎర్రబడుతుంది. అప్పటి కారును రోడ్డు మీదికి పంపడానికి తయారుచేశారు. తుప్పు పట్టినా ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు దాన్ని ఇంకో తరం దాకా ఉంచాలి. నిజానికీ నిలకడకూ మధ్య ఎక్కడో రాజీ పడాలి. కొందరు మెరుపు లేని క్లియర్ పెయింటు పలచగా కొడతారు. కొందరు పోత ఇనుము రంగులో ఉండే పెయింటు వాడతారు. ఇంకొందరు తుప్పు నిరోధక నూనె, మైనం రాసి ఏడాదికోసారి మళ్ళీ రాస్తారు. నా మొగ్గు ఈ చివరివాళ్ళ వైపే. శ్రమ ఎక్కువే. అయినా దాని కింద ఉన్నది నిజమైన ఉక్కే, రేపెవరైనా గుడ్డతో తుడిచి చూసుకోవచ్చు. పోత ఇనుము రంగు పెయింటు దూరం నుంచి నమ్మిస్తుంది, దగ్గరికి వెళితే ఎక్కడ పడితే అక్కడ ఒకే ఛాయలో ఉంటుంది. ఇనుముకు అలా ఒకే ఛాయ ఉండదు.

పౌడర్ కోటింగ్ విషయంలో నాకు సందేహం లేదు. పోటీకి, చరిత్రకు అది పనికిరాదు. పొడి రూపంలో చల్లి, దాదాపు 200 డిగ్రీల వేడిలో కరిగించి పట్టించే ఈ పూత మామూలుగా 60 నుంచి 100 మైక్రాన్ల మందం ఉంటుంది. ముంచిన పాత పెయింటుకన్నా బాగా లావు. అంచులన్నీ గుండ్రంగా అయిపోతాయి, అచ్చు గీతలు, గ్రైండరు గరుకు, తేదీ అంకెలు మూసుకుపోతాయి. బోల్టు బిగించే ముఖాల మీద ఆ మందం ఉంటే కాలక్రమేణా అది నలిగి బిగింపు సడలుతుంది. ఎక్కడైనా రాయి తగిలి ఊడిందంటే నీళ్ళు దాని కిందకి పాకి, పైకి మెరుస్తూనే ఉన్నా లోపల తుప్పు తినేస్తుంది. రోజూ తిప్పే బండికి, జాగ్రత్తగా ముఖాలు కప్పి చేయిస్తే, గట్టి పూతే. ఆ యజమానిని తప్పుపట్టను. దాన్ని ఫ్యాక్టరీ పూత అని చెప్పి అమ్మడాన్నే తప్పుపడతాను.

ఇక కాడ్మియం. అసలు పూత అదే కాబట్టి అదే వేయాలని పట్టుబట్టేవాళ్ళున్నారు. ఇక్కడ నేను వాళ్ళతో విభేదిస్తాను. కాడ్మియం విషం. ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, మూత్రపిండాల్లో చేరి కూర్చుంటుంది, క్యాన్సర్ కారకం. పాత కాడ్మియం బోల్టును వైరు బ్రష్షుతో గీకడం, దాన్ని గ్యాస్ టార్చితో కాల్చడం ఎవరూ చేయకూడని పనులు. ఆ పూత వేసే తొట్టి దగ్గర నిలబడే కూలీ ఊపిరి కన్నా మన పోటీ మార్కులు విలువైనవి కావు. జింకు పూత వేయించి, మెరుపు తగ్గించుకుంటే దాదాపు అదే చూపు వస్తుంది. జింకు కొంచెం నీలిగా, కొంచెం ఎక్కువగా మెరుస్తుంది. ఆ తేడాకు ఒకటి రెండు మార్కులు పోతే పోనివ్వాలి. ఏ పూతకు పంపినా గట్టి గ్రేడు బోల్టులను వెంటనే 190 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి వేడి చేయమని చెప్పాలి. లోపల చేరిన హైడ్రోజన్‌ను తరిమేది ఆ వేడే. సస్పెన్షన్‌లో బోల్టు విరిగితే పోయేది మార్కులు కాదు.

అతిగా బాగుచేసిన కార్లు

ఈ పట్టింపు కార్వెట్‌వాళ్ళకే పరిమితం కాదు. 1964 ఏప్రిల్‌లో విడుదలైన ఫోర్డ్ మస్టాంగ్ అడుగు భాగం ఎర్రమట్టి రంగు ప్రైమర్‌లో ఉంటుంది, ఆ ఎరుపు ఫ్యాక్టరీని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది, అంచుల మీద బాడీ రంగు తుంపరలు పడి ఉంటాయి. 1961 నాటి జాగ్వార్ ఈ-టైప్‌లో ముందు గొట్టాల ఫ్రేముకు బాడీ రంగే ఉంటుంది, వెనక సస్పెన్షన్‌ను మోసే పంజరం నల్లగా ఉంటుంది. ఒక్కో బండిది ఒక్కో లెక్క. ఒకదాని పాఠం ఇంకోదానికి వర్తించదు.

ఒకప్పుడు ఈ కార్లన్నిటినీ కిందా మీదా మెరిపించడమే గొప్ప అనుకున్నారు. 1980లలో, 1990లలో అలా బాగుచేసిన కార్లు ఎన్నో. పనితనంలో వంక పెట్టలేం. అయితే ఆ మెరుపు కింద ఎన్ని సుద్ద గుర్తులు, ఎన్ని రంగు చారలు పోయాయో ఇప్పుడు లెక్క కట్టలేం. ఆలోచన మారడానికి కారణం ముట్టుకోని కార్లే. బ్లూమింగ్టన్ గోల్డ్ అనే కార్వెట్ ప్రదర్శన బాగుచేయని పాత కార్లకు సర్వైవర్ పేరుతో ప్రత్యేక గుర్తింపు ఇవ్వడం మొదలుపెట్టింది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య కూడా, కట్టడాల రక్షణకు 1964లో రాసుకున్న వెనిస్ నియమావళి బాటలో, వాహనాలకు ట్యూరిన్ నియమావళి రూపొందించుకుంది. ఉన్నదాన్ని కాపాడటం ముందు, బాగుచేయడం ఆ తర్వాత అన్నది దాని సారం. రిస్టోరర్లకు ఆ ముట్టుకోని కార్లే పాఠ్యపుస్తకాలు. కొత్తగా అచ్చుపోసి అమ్ముతున్న ఆర్మ్‌లు నున్నటి, అన్నివైపులా సమానమైన విద్యుత్ పూతతో వస్తాయి. వాటి పక్కన పాత అసలు ఆర్మ్‌ను పెట్టి చూస్తేనే ఏమి లేదో తెలుస్తుంది.

మన షెడ్లలో ఉన్నవి

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ముందు జనం ఎప్పుడూ గుమిగూడి ఉంటారు. రాజుల కార్లకు కాపలా దొరుకుతుంది. నా దిగులు అంబాసిడర్ గురించి. 1950ల చివరి నుంచి 2014 దాకా బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైన ఆ కారు మన డాక్టర్లను, కలెక్టర్లను, పెళ్ళికొడుకులను మోసింది. దాని ముందు సస్పెన్షన్‌లో టోర్షన్ బార్లు, వెనక కమాన్ పట్టీలు. ఇప్పుడు దాన్ని మోజుతో బాగుచేయించుకునేవాళ్ళు మన ఊళ్ళలో పెరుగుతున్నారు. సంతోషమే. వర్క్‌షాపుకు వెళ్ళగానే జరిగేది మాత్రం ఒకటే. ప్రెషర్ వాష్, బ్లాస్టింగ్, ఆపైన కింద మొత్తం నల్ల పెయింటు, దాని మీద తారులాంటి అండర్ కోటింగ్. మేస్త్రీ తప్పేమీ లేదు. అడిగినవాళ్ళు లేరు, కాబట్టి తుప్పు పట్టకుండా చేసి ఇస్తున్నాడు.

ఉత్తర్‌పారాలో ఆఖరి కారు బయటికొచ్చింది 2014లోనే. ఆ లైను మీద పనిచేసినవాళ్ళు ఉన్నారు. టోర్షన్ బారుకు ఏ నలుపు, కమాన్ పట్టీల మధ్య ఏ గ్రీజు, ఏ నట్టు మీద ఏ రంగు చుక్క అన్నది వాళ్ళనడిగి రాసుకోవచ్చు. కార్వెట్‌వాళ్ళు 1974లోనే మొదలుపెట్టారు, ఆ తరం స్టింగ్ రే తయారీ ఆగిన ఏడేళ్ళకే. అందుకే వాళ్ళ దగ్గర ఇంత దొరికింది. మీ ఇంట్లో తాతగారి అంబాసిడర్ ఏదైనా పట్టా కింద ఉంటే, వర్క్‌షాపుకు పంపే ముందు ఒక ఆదివారం దాన్ని గట్టి స్టాండ్ల మీద ఎత్తి, పక్క నుంచి వెలుతురు పడేలా దీపం పెట్టి, కింద ఉన్నవన్నీ ఫోటోలు తీయండి. ఏ వైపు నుంచి తీశారో చీటీ రాసి ఫ్రేములోనే కనిపించేలా పెట్టండి. తీసిన బోల్టులను ఒకే డబ్బాలో పోయకుండా దేని కవరు దానికి కట్టించండి. ప్రెషర్ వాష్ ఆ తర్వాత చేయించుకోవచ్చు.